ఊపిరిని తూచి యిచ్చిన వైద్యుడు : జాన్ స్నో

శస్త్రచికిత్సకు మత్తుమందు లేని కాలమొకటి యుండెను. అప్పుడు రోగిని బల్లకు కట్టి, బలిష్ఠులైన నలుగురు కాలుసేతులు అదిమిపట్టి యుండగా వైద్యుడు కత్తి చేపట్టెడివాడు. ఎంత వడిగా కోయగలిగిన అంత గొప్ప వైద్యుడని పేరు వచ్చుచుండెను. కత్తికి వెఱచి, ప్రాణము పోయినను సరేయని యింటి మంచము పట్టిన రోగులెందరో! 1846వ సంవత్సరమున ఈథరు, మరుసటి యేట క్లోరోఫారము వచ్చి ఈ నరకయాతనకు స్వస్తి చెప్పినవి. అమెరికాలో మోర్టను, స్కాట్లండులో సింప్సను ఆ కీర్తిని పొందిరి.

కాని నొప్పిని పోగొట్టిన మందే ప్రాణమును గూడ పోగొట్టగలదను సత్యము త్వరలోనే బయటపడెను. కాలు తీసివేయుట, కణితి కోయుట వంటి గొప్ప చికిత్సలలో మాత్రమే గాక, గోరు తీయుట, పన్ను పీకుట వంటి అల్పమైన పనులలో గూడ మనుష్యులు బల్లమీదనే మరణించిరి. మత్తు నిచ్చుటకు చేతివాటము చాలదనియు, రోగి పీల్చు గాలిలో మందు ఎన్నవ పాలున్నదో లెక్క తెలిసియుండవలెననియు గ్రహించి, ఆ లెక్క కొఱకు తన జీవితమును ధారవోసిన మహనీయుడు డాక్టరు జాన్ స్నో. కలరా వ్యాధి నీటిద్వారా వ్యాపించునని చూపినవానిగా లోకమతనిని స్మరించును. అతని దినచర్యలో, జీవనోపాధిలో, ఆలోచనలో అధికభాగము నాక్రమించినది మాత్రము మత్తుమందే.

బాల్యము, విద్య

1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమునందలి యార్కు నగరమున స్నో జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో అతడే జ్యేష్ఠుడు. తండ్రి విలియం స్నో కూలిపని చేసి జీవించువాడు. తల్లి పేరు ఫ్రాన్సెస్. వారి యిల్లు ఊజ్ నదికి చేరువను, వరదకు లోనగు పేదల వాడలో ఉండెను. కాయకష్టముతో తండ్రి క్రమముగా నిలద్రొక్కుకొని బిడ్డలను చదివించెను. పెద్దకొడుకునకు గణితమునందు మిక్కిలి ఆసక్తి. తరువాతి కాలమున అతని కీర్తికి మూలమైనది ఈ లెక్కల బుద్ధియే.

పదునాలుగవ యేట, 1827లో, అతడు న్యూకాసిల్ పట్టణమున హార్డ్‌కాసిల్ అను వైద్యునియొద్ద శిష్యుడుగా చేరెను. ఆ కాలమున వైద్యవిద్య మొదట గురువునొద్ద ఉండి, ఆయన వెంట తిరిగి నేర్చుకొనవలసినదే. 1831-32 సంవత్సరములలో ఆ ప్రాంతమునకు కలరా వచ్చినప్పుడు, ఇంకను ఇరువది యేండ్లు నిండని ఈ శిష్యుడు కిల్లింగ్‌వర్త్ బొగ్గుగనుల కూలీలకు చికిత్స చేయుటకు పోయెను. పగలనక రాత్రియనక పనిచేసియు, పిట్టలవలె రాలిపోవు జనమును కాపాడలేకపోవుటలోని దుఃఖమును ఆ వయస్సుననే అతడెఱిగెను. పదునేడవ యేట శాకాహారవ్రతము పూనెను. మద్యపానము తగదని సభలలో చెప్పెను. మితము అతని స్వభావములోనిది. తనకు తాను మితి విధించుకొన్నవాడు తరువాత మత్తుమందునకు మితి నేర్పరచుట వింత గాదు.

పల్లెలలో కొంతకాలము సహాయవైద్యుడుగా పనిచేసిన పిదప 1836లో అతడు లండను నగరమునకు బయలుదేరెను. ఆ దూరములో అధికభాగము కాలినడకనే పోయెనని చెప్పుదురు. హంటీరియన్ వైద్యపాఠశాలలోను, వెస్ట్‌మినిస్టర్ ఆసుపత్రిలోను చదివి, 1838లో వైద్యవృత్తికి అర్హత సంపాదించెను. 1844లో లండను విశ్వవిద్యాలయము అతనికి ఎం.డి. పట్టము నిచ్చెను. సోహో ప్రాంతమున ఫ్రిత్ వీధిలో గదులు తీసికొని వైద్యము ప్రారంభించెను గాని, ఆశ్రయించు ధనికులు లేరు, పలుకుబడిగల బంధువులు లేరు. కంఠము బొంగురు; సభలో లేచి మాటలాడినను వినువారు తక్కువ. ఐనను వెస్ట్‌మినిస్టర్ వైద్యసంఘపు సమావేశములను అతడు మానలేదు. అప్పుడే పుట్టి ఊపిరి తీయని శిశువును బ్రతికించుట యెట్లను విషయముపై 1841లోనే ఆ సంఘమున వ్యాసము చదివెను. ఊపిరి యనగానేమి, గాలి రక్తములో నెట్లు చేరును, ఏ వాయువు దేహమును ఏమి చేయును అను ప్రశ్నలు అతని మనస్సును అప్పటినుండియే పట్టుకొనియున్నవి. మత్తుమందు వచ్చునాటికి, దాని కొఱకే వేచియున్నట్లు సిద్ధముగా నున్నవాడు ఇతడొక్కడే.

ఈథరు : ఆవిరికి కొలత

1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరపు ఆసుపత్రిలో మోర్టను ఒక రోగికి ఈథరు ఆవిరిని పీల్పించి, నొప్పి తెలియకుండ కణితి కోయించెను. ఇంచుమించు రెండు నెలలకు ఆ వార్త సముద్రము దాటి లండను చేరెను. డిసెంబరు నెలలో అక్కడి వైద్యులు పన్ను పీకుటకును, కాలు తీయుటకును ఈథరు వాడి చూచిరి. కొందరు రోగులు హాయిగా నిద్రించిరి. కొందరు దగ్గి, గింజుకొని, పిచ్చివారివలె కేకలు వేసిరి. మరి కొందరికి మత్తే యెక్కలేదు. ఒకే మందు ఒక్కొక్కరియందు ఒక్కొక్క విధముగా నుండుట చూచి, ఇది నమ్మదగినది కాదని పలువురు పెదవి విఱిచిరి.

స్నో అట్లు తలపలేదు. మందు ఒక్కటే, ఇచ్చిన పరిమాణము మాత్రము ఒక్కటి కాదు అని అతడు గ్రహించెను. ఈథరు అతి సులభముగా ఆవిరియగు ద్రవము. గాలి వెచ్చగా నున్న ఆవిరి ఎక్కువ, చల్లగా నున్న తక్కువ. శీతకాలపు చలిగదిలోని గాలికిని వెచ్చని గదిలోని గాలికిని, అందు ఇముడు ఈథరు ఆవిరిలో ఇంచుమించు రెండింతల భేదముండును. పైగా ద్రవము ఆవిరియగుచున్నకొలది పాత్ర చల్లబడును, ఆవిరి తగ్గును. ఇది తెలియని వైద్యుడు ఒకనికి చాలీచాలని మందును, మరియొకనికి మితిమీరిన మందును ఇచ్చుచు, దోషమును మందుపై వేయుచుండెను. ఈథరు లండను చేరిన కొలది వారములకే, 1847 జనవరిలో, ఏ ఉష్ణోగ్రతయందు గాలిలో ఎంత ఈథరు ఇముడునో తెలుపు పట్టికను స్నో వైద్యసంఘము ముందుంచెను.

వెంటనే అతడొక యంత్రమును కల్పించెను. ఈథరు పాత్రను నీటి తొట్టిలో నుంచి, ఆ నీటి వేడిని కనిపెట్టుచుండిన ఆవిరి పాలు ఎప్పుడును ఒకే విధముగా నుండును. రోగి ఆయాసపడకుండ వెడల్పైన గొట్టమును, ముఖమునకు తొడుగును, స్వచ్ఛమైన గాలిని వలసినంత కలుపుటకు తిప్పదగిన కవాటమును అమర్చెను. సెయింట్ జార్జి ఆసుపత్రిలో పన్ను పీకించుకొనవచ్చిన రోగులకు ముందుగా ఈ యంత్రముతో మత్తు నిచ్చి, అది సఫలమగుట చూచిన పిమ్మట అక్కడి వైద్యులు పెద్ద చికిత్సలకు గూడ అతనిని పిలువసాగిరి.

ఆ సంవత్సరమే ఈథరును గుఱించి అతడు గ్రంథము ప్రకటించెను. మత్తు ఒక్కసారిగా వచ్చిపడునది కాదనియు, మెట్టు మెట్టుగా దిగునదనియు అందు వివరించి, ఐదు దశలుగా దానిని విభజించెను. మొదటి దశయందు రోగికి తెలివి యుండును గాని కొంత తేలికగా నుండును. రెండవ దశయందు మనస్సు చెదరును. మూడవ దశయందు తెలివి పోవును. నాల్గవ దశయందు కండరములు సడలి దేహము కదలక యుండును. ఐదవ దశయందు ఊపిరి తడబడి ఆగును. ఈ మెట్లకు నడుమ గోడలు లేవు. మొదటి మెట్టుపై నిలుపదలచిన రోగి, వైద్యుడు కన్ను మరల్చిన క్షణమున నాల్గవ మెట్టునకు, అక్కడినుండి ఐదవ మెట్టునకు జారిపోగలడు. స్వల్పమత్తు, గాఢమత్తు అని పేర్లు పెట్టినంతమాత్రమున దేహము ఆ హద్దును పాటింపదని నేటి వైద్యులు విద్యార్థులకు చెప్పు పాఠమునకు తొలిరూపమిదియే.

గోరు తీయబోగా పోయిన ప్రాణము

1847 నవంబరులో ఎడింబరో నగరమున సింప్సను క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. దాని వాసన ఈథరువలె ఘాటైనది కాదు. మత్తు త్వరగా నెక్కును. యంత్రముతో పనిలేదు, జేబురుమాలుపై కొలదిగా చల్లి ముక్కునకు దగ్గఱగా పట్టిన చాలును. లోకము దానికి బ్రహ్మరథము పట్టెను. మూడు నెలలు తిరుగలేదు, విషాదవార్త వచ్చెను.

న్యూకాసిల్ సమీపమున వింలటన్ అను గ్రామమున హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక యుండెను. ఆమె కాలివ్రేలి గోరు లోపలికి పెరిగి బాధించుచుండెను. కొన్నినాళ్ల క్రితమే మరియొక వ్రేలి గోరును ఆసుపత్రిలో ఈథరు నిచ్చి తీసియుండిరి; అప్పుడు ప్రమాదమేమియు కలుగలేదు. 1848 జనవరి 28వ తేదీన రెండవ గోరు తీయుటకు వైద్యుడు ఆమె యింటికే వచ్చెను. బాలిక వెఱచి వెక్కివెక్కి ఏడ్చుచుండెను. వైద్యుడు ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, గుడ్డపై ఒక చెంచాడు క్లోరోఫారము పోసి ముక్కుకడ పట్టెను. అరనిమిషము గడచునప్పటికి మత్తెక్కినట్లు తోచి సహాయకునకు సైగ చేయగా అతడు గోరు చుట్టు కోసెను. బాలిక ఒక్కసారి కాలు విదల్చెను. అంతలో పెదవులు పాలిపోయినవి. నోట నురుగు వచ్చెను. ముఖమున నీరు చల్లిరి. నోట బ్రాందీ పోసిరి. నరము కోసి రక్తము తీయజూచిరి. ఏదియు ఫలింపలేదు. మందు పీల్చుట ప్రారంభించిన రెండు మూడు నిమిషములలోనే ఆమె ప్రాణము పోయెను. క్లోరోఫారమువలన మరణించినవారిలో మొట్టమొదట నమోదైన పేరు ఆమెదే.

వైద్యలోకము కలవరపడెను. మరణమునకు కారణము క్లోరోఫారము కాదనియు, స్పృహలేని పిల్ల నోట పోసిన నీరు, బ్రాందీ ఊపిరికి అడ్డుపడి చంపినవనియు సింప్సను వాదించెను. తాను కనిపెట్టిన మందునెడ అతనికి గల మమకారము సహజమే. స్నో ఈ వాదము నంగీకరింపలేదు. బ్రాందీ పోయకమునుపే ఆమె పెదవులు పాలిపోయినవి కదా! గుడ్డపై పోసిన మందునుండి లేచిన ఆవిరి, తగిన గాలి కలియక, ఒక్కసారిగా గుండెకు చేరి దానిని స్తంభింపజేసెనని అతడు నిర్ణయించెను. గుడ్డ కొలతపాత్ర కాదు. ముక్కునకు రెండంగుళముల దూరమున ఒక పాలు, ఆనించి పట్టిన వేఱొక పాలు. బిగ్గఱగా ఏడ్చి దీర్ఘముగా ఊపిరి పీల్చు పిల్లకు ఎంత పాలో ఎవరు చెప్పగలరు?

అతడు వాదముతో తృప్తినొందలేదు. కప్పలకు, పక్షులకు, ఎలుకలకు, చివరకు తనకు తానే ఆవిరుల నిచ్చుకొని పరీక్షించెను. నూఱుపాళ్ల గాలిలో నాలుగైదు పాళ్లకు మించకుండ క్లోరోఫారము ఆవిరి యున్నచో మత్తు నెమ్మదిగా నెక్కుననియు, ప్రమాదము ముంచుకొనివచ్చినను ముందు ఊపిరి మందగించి హెచ్చరించుననియు, మందాపి శుద్ధమైన గాలి నిచ్చినచో రోగి కోలుకొనుననియు కనుగొనెను. ఆ పాలు ఎనిమిది పది వఱకు పెరిగినచో హెచ్చరిక లేకయే గుండె ఆగవచ్చునని తెలిసికొనెను. కనుక భద్రత మందు పేరులో లేదు, దాని పాలులో ఉన్నది. అది వెండి తూచు తక్కెడవలె సూక్ష్మముగా చూడవలసిన విషయము.

రాణికిని, సామాన్యులకును

లండనులో మత్తు నిచ్చుటయే వృత్తిగా గల వైద్యులలో స్నో అగ్రగణ్యుడయ్యెను. ఏడాదికి వందలకొలది రోగులకు మత్తు నిచ్చి, ఎవరికి ఏ చికిత్స, ఎంత మందు, ఎట్లు మేల్కాంచిరి అను వివరములను 1848 మొదలు 1858 వఱకు పుస్తకములలో వ్రాసియుంచెను. ఆ పుస్తకములు నేటికిని భద్రముగా నున్నవి. పేదవాడి పన్నునకును, ప్రభువు కణితికిని ఒకే శ్రద్ధ వాటిలో కనబడును.

1853 ఏప్రిల్ 7వ తేదీన విక్టోరియా రాణి తన యెనిమిదవ బిడ్డయగు లియోపోల్డు రాకుమారుని ప్రసవించునప్పుడు స్నోను పిలిపించిరి. అచ్చట అతడు యంత్రమును వాడలేదు. రుమాలుపై చుక్కలు లెక్కించినట్లు స్వల్పముగా మందు చల్లి, నొప్పి వచ్చినప్పుడెల్ల కొలదిగా పీల్పించుచు 53 నిమిషములు గడపెను. రాణికి స్పృహ తప్పలేదు. నొప్పి మాత్రము మెత్తబడెను. మత్తును మొదటి మెట్టునందే నిలిపి పని నెఱవేర్చుట కిది చక్కని నిదర్శనము. ఇతరులను యంత్రము వాడుడని చెప్పినవాడు ఇక్కడ రుమాలు పట్టుటలో అసంగతము లేదు; ఐదేండ్లు కొలిచి కొలిచి చేతికి అలవడిన కొలత అది. 1857లో బియాట్రిస్ రాకుమారి జననమప్పుడు గూడ రాణి అతనినే పిలిపించెను. ప్రసవవేదనకు మందు తగదన్నవారి నోళ్లు దీనితో చాలవఱకు మూతపడినవి.

ఈ నడుమనే కలరా పరిశోధన జరిగెను. 1854 ఆగస్టు చివర సోహోలోని బ్రాడ్ వీధి పరిసరములలో కలరా చెలరేగి, కొలది దినములలో వందలమందిని హరించెను. చెడుగాలివలన వ్యాధి వచ్చునని ఆనాటి పెద్దల నమ్మకము. వాయువుల నడతను జీవితమంతయు పరిశీలించిన స్నోకు ఆ నమ్మకము పొసగలేదు. చెడుగాలియే కారణమైనచో రోగము ఊపిరితిత్తులను వదలి ప్రేగులను పట్టుటయేల? ఇల్లిల్లు తిరిగి మరణించినవారు త్రాగిన నీరెక్కడిదో విచారించి, ఆ వీధి పంపు నీరే కారణమని కనుగొని అధికారులకు చెప్పగా, సెప్టెంబరు 8వ తేదీన పంపు పిడిని తీసివేసిరి. ఈ కథ జగత్ప్రసిద్ధము గనుక విస్తరింప బనిలేదు. ఎవడు ఏ గాలి పీల్చెను అని లెక్కించిన బుద్ధియే ఎవడు ఏ నీరు త్రాగెను అని లెక్కించినదని తెలిసికొనిన చాలును.

తన తప్పిదమును తానే చాటినవాడు

క్లోరోఫారముకంటె నిరపాయమైన మందు దొరకదా యని స్నో వెదకుచునే యుండెను. 1856 చివర అమిలీన్ అను ద్రవమును ఎన్నుకొనెను. జంతువులపై పరీక్షించి, తాను పీల్చి చూచి, పిదప రోగులకు వాడెను. వాంతులు లేవు; మేలుకొనుట సులభము; మొదటి ఫలితములు ఆశాజనకములు. కాని 1857లో అతని చేతిమీదుగనే ఇద్దరు రోగులు అమిలీన్ పీల్చుచు మరణించిరి. అవియు పెద్ద చికిత్సలు కావు.

పేరుప్రతిష్ఠలుగల వైద్యుడు, రాణికి మందిచ్చినవాడు, ఇట్టి సమయమున ఏమి చేయవలెను? రోగి బలహీనుడని చెప్పవచ్చును, దైవవశమని ఊరకుండవచ్చును. స్నో ఆ రెండు మరణములను వివరములతో వైద్యపత్రికలో ప్రకటించెను. తాను మొత్తము 238 మందికి ఆ మందు నిచ్చినట్లును, అందు ఇద్దరు పోయినట్లును లెక్క చెప్పి, అంతటితో దానిని వదలిపెట్టెను. నాలుగువేలమందికి పైగా క్లోరోఫారము నిచ్చిన అనుభవమునకు ప్రక్కన నిలిపి చూచినచో ఇద్దరన్నది పెద్ద సంఖ్యయే. తాను ప్రేమించి తెచ్చిన మందును తన లెక్కకే బలియిచ్చిన ఈ సత్యనిష్ఠ, అతని యంత్రములన్నిటికంటె గొప్పది.

ఆ తరువాత అతడు క్లోరోఫారమును గుఱించి సమగ్రగ్రంథము వ్రాయబూనెను. అప్పటివఱకు తెలియవచ్చిన యేబది క్లోరోఫారము మరణములను ఒక్కొక్కటిగా తీసికొని, రోగి వయస్సు, చికిత్స, మందిచ్చిన విధము, ప్రాణము పోయిన తీరు పరిశీలించెను. వాటిలో పన్ను పీకుట, వ్రేలు తీయుట వంటి చిన్నపనులు అనేకము. చిన్నపనియని నిర్లక్ష్యము, నిర్లక్ష్యమువలన గుడ్డపై కొలతలేని మందు, ఇదియే అతనికి కనబడిన గొలుసు.

1858 జూన్ 10వ తేదీన ఆ గ్రంథపు చివరిపుటలు వ్రాయుచుండగనే స్నోకు పక్షవాతము వచ్చెను. జూన్ 16వ తేదీన, నలుబదియైదేండ్ల ప్రాయమున, సాక్‌విల్ వీధిలోని తన యింట కన్నుమూసెను. వివాహము చేసికొనలేదు, ధనము కూడబెట్టలేదు. పరీక్షార్థము తన దేహమునకే పలుమార్లు ఇచ్చుకొన్న ఆవిరులు అతని మూత్రపిండములను చెఱచియుండవచ్చునని తరువాతి వైద్యులు కొందరు తలచిరి. మిత్రుడు రిచర్డ్‌సన్ గ్రంథమును పూర్తిచేసి ఆ యేడే ప్రకటించెను. అతని మృతికి లండనులోని ప్రసిద్ధ వైద్యపత్రిక కేటాయించినవి రెండు మూడు పంక్తులు మాత్రమే. అందు క్లోరోఫారము ప్రసక్తి యున్నది గాని కలరా పేరైనను లేదు.

హైదరాబాదులో సాగిన వాదము

స్నో లేవనెత్తిన ప్రశ్న అతనితో అంతరింపలేదు. 1862లో క్లోవర్ అను వైద్యుడు పెద్ద సంచిలో గాలిని, క్లోరోఫారము ఆవిరిని ముందుగానే కొలిచి కలిపి పీల్పించు యంత్రమును చేసి, అతని మార్గమునే అనుసరించెను. కాని ఎడింబరో సంప్రదాయమువారు యంత్రములు నిరర్థకములనియు, రోగి ఊపిరిని కనిపెట్టిన చాలుననియు పట్టుబట్టిరి. ఆ వాదము సముద్రములు దాటి మన తెలుగుగడ్డపైకి వచ్చుట యొక విశేషము.

హైదరాబాదులో రెసిడెన్సీ వైద్యుడును, వైద్యపాఠశాలాధ్యక్షుడునైన ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో చదివినవాడు. క్లోరోఫారము గుండెను నేరుగా ఆపజాలదనియు, ముందు ఊపిరి ఆగిన పిదపనే గుండె ఆగుననియు అతని దృఢవిశ్వాసము. దానిని నిరూపించుటకు 1888లో హైదరాబాదు క్లోరోఫారము సంఘము ఏర్పడెను. దాని నిర్ణయమును లండను వైద్యులు అంగీకరింపకపోగా, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో 1889లో రెండవ సంఘము కూడెను. లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు వచ్చి పాల్గొనెను. కుక్కలు, కోతులు మొదలగు జంతువులు నాలుగువందలకు పైగా పరీక్షకు గుఱియైనవి. హైదరాబాదు వైద్యపాఠశాల విద్యార్థిని రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ పరిశోధనలలో పాలుగొని, తరువాత ప్రపంచమునందలి తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరుగాంచెను. ఊపిరియే ముందు ఆగునని రెండవ సంఘము గూడ తీర్మానించెను.

సత్యము ఎటు నిలిచెను? 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు పిల్లులపై పరీక్షలు చేసి, మత్తు స్వల్పముగా నున్నప్పుడే, భయమువలనను నొప్పివలనను పుట్టు ఎడ్రినలిన్ రక్తములో చేరినచో, క్లోరోఫారము సోకిన గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగునని చూపెను. వెక్కివెక్కి ఏడ్చి, మత్తు పూర్తిగా నెక్కకమునుపే కత్తిగాటునకు కాలు విదల్చిన హానా గ్రీనర్ మరణము ఇప్పుడు విశదమగును. గుండెయే మొదట ఆగెనన్న స్నో మాట నిలిచెను. మితిమీరిన పాలే కారణమన్న భాగమునకు మాత్రము ఈ సవరణ చేరెను. హైదరాబాదు శ్రమయు వ్యర్థము కాలేదు. రోగి ఊపిరినుండి కన్ను మరల్పరాదను లారీ బోధ ఎందరినో కాపాడియుండును. ఊపిరి, నాడి రెండింటిని చూడవలెననుట ఈ దీర్ఘవాదమునుండి మిగిలిన వెన్న.

క్లోరోఫారము ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున శస్త్రచికిత్సాగృహములనుండి నిష్క్రమించెను. నేడు కడుపులోనికి గొట్టము వేసి చూచుటకు, విరిగిన యెముకను సరిచేయుటకు, బెదరిన పిల్లవాని పన్ను తీయుటకు మిడజోలం, ప్రొపొఫాల్, కీటమిన్ వంటి మందులు వాడుదురు. ఇవి క్లోరోఫారముకంటె ఎంతయో మేలైనవి. నిరపాయములు మాత్రము కావు. మిడజోలం, ప్రొపొఫాల్ మోతాదు మించిన ఊపిరి మందగించును. నాలుక వెనుకకు జారి గాలికి అడ్డుపడవచ్చును. అందుచేతనే చికిత్సకు ముందు ఉపవాస ముండుమందురు. మందును కొలదికొలదిగా ఇచ్చి ఫలితమును చూతురు. వ్రేలికి చిన్న పరికరము తొడిగి రక్తములోని ప్రాణవాయువును క్షణక్షణము కనిపెట్టుదురు. చికిత్స చేయు వైద్యుడుగాక రోగిని మాత్రమే చూచుచుండు వేఱొక వ్యక్తి యుండవలెనందురు. రోగి తన వ్యాధులను, వాడు మందులను, పూర్వము మత్తుమందు పడని సంగతిని దాచక చెప్పుట గూడ ఈ జాగ్రత్తలలో భాగమే.

వీటిలో ఒక్కటియు ఆడంబరము కాదు. ఒక్కొక్క నియమము వెనుక ఏదో యొక యింట అనుకొనని దుఃఖమున్నది. వింలటన్ గ్రామమున ఒక పల్లెపిల్ల కాలిగోరు కొఱకు ప్రాణము కోల్పోయినప్పుడు, చిన్నపనికి ఇంత చర్చయేలయని లోకము అనుకొని యుండవచ్చును. యార్కు నగరపు కూలివాని కుమారుడు అట్లనుకొనలేదు; పది సంవత్సరములు ఆ మరణమునకు కారణము వెదకెను. చికిత్స చిన్నదైనను ప్రాణము చిన్నది కాదని ఎఱిగినవాడు కనుకనే జాన్ స్నో చిరస్మరణీయుడు.